వ్యాయామఫలము – వంశగుణము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ఆరోగ్యవిషయమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లు పాఠశాలలో జీవశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. కావున మందుల సంగతి ముట్టక, మా యింట జరిగిన యొక చిన్న సంగతిని, దానిమూలమున నేను చదువవలసి వచ్చిన కొన్ని శాస్త్రవిషయములను మీకు విన్నవింతును.

నాలుగేండ్ల క్రిందట నాకును నా తమ్మునికిని ఒక్క మాసములోనే మధుమేహము బయటపడినది. వైద్యుడు మా యిద్దరికిని ఒక్కమాటయే చెప్పెను. వారమునకు మూడుదినములు, దినమునకు అరగంట, చెమటపట్టునట్లు నడువవలెనని. మేము కాలువగట్టు వెంబడి జతగా నడచితిమి. ఇద్దరిదియు ఒక్కటే వేగము, ఒక్కటే దూరము. నాలుగుమాసములు గడచిన పిమ్మట ట్రెడ్‌మిల్ యంత్రముపై మమ్ము పరీక్షించిరి. నా శక్తి మొదటికంటె స్పష్టముగ హెచ్చినది. నా తమ్మునిదో, ఎక్కడ వేసిన గొంగళి అక్కడనే యున్నది. “అన్నయ్యా! నాయనగారి ఎముక నీకు వచ్చినది, నాకు రాలేదు. నుదుట లేనిదానికి తెల్లవారుజామున లేచి కాళ్లరుగదీసికొనుట దేనికి?” అని వాడు మఱునాటినుండి నడక మానివేసెను. ముప్పదియేండ్లు పిల్లలకు ఆనువంశికతను గూర్చి పాఠములు చెప్పిన నాయొద్ద వానికి తగిన ప్రత్యుత్తరము లేకపోయినది. ఆ ప్రత్యుత్తరమును వెదకుటయే ఈ యుపన్యాసమునకు మూలము.

మొట్టమొదట ఇచ్చట శక్తియనగా నేమియో చెప్పవలెను. కోడి రామమూర్తినాయుడుగారి పేరు విననివారు ఈ సభలో నుండరు. వారిది బలము. నేను చెప్పునది బలము గాదు, దీర్ఘశ్రమకు ఓర్చు శక్తి. వాడుకలో మనము ‘దమ్ము’ అందుము. పరుగెత్తువాడును, సైకిలు త్రొక్కువాడును, నాగలివెంట నడచువాడును దీనిపైననే ఆధారపడుదురు. దీనిని కొలుచుటకు శాస్త్రజ్ఞులొక మార్గము నేర్పఱచిరి. మనుష్యునిచేత అంతకంతకు కష్టతరముగ సైకిలు త్రొక్కించి, ఇక త్రొక్కలేనను ఘడియలో వాని దేహము నిమిషమునకు ఎంత ప్రాణవాయువును వాడుకొనుచున్నదో లెక్కింతురు. ఊరక కూర్చున్నవాడు నిమిషమునకు రమారమి పావులీటరు ప్రాణవాయువు వాడును. అభ్యాసములేని గృహస్థుడు తన కొసశక్తితో రెండు మూడు లీటర్లు వాడగలడు. ప్రపంచమున పేరెన్నికగన్న దూరపు పరుగువీరులలో కొందఱు అయిదు లీటర్లు దాటుదురు.

అభ్యాసము చేసినచో ఈ కొలత పెరుగును. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ నెత్తురు పంపును. ఒంటిలో నెత్తురు పరిమాణమే కొంత హెచ్చును. కండరములలో సన్ననాళములు దట్టమగును. కండరకణములలోపల ప్రాణవాయువుతో శక్తి పుట్టించు మైటోకాండ్రియాలను సూక్ష్మాంగములు వృద్ధియగును. ఇంతవరకు పాఠ్యపుస్తకములలోని మాటయే. అందఱకును ఒక్కటే అభ్యాసము ఇచ్చిన అందఱకును ఒక్కటే ఫలము వచ్చునా యనునదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నను పట్టుదలతో పరిశోధించినవారు కెనడా దేశీయుడగు క్లాడ్ బుషార్ పండితుడును, ఆయన సహచరులును. క్యూబెక్ నగరమందలి లావాల్ విశ్వవిద్యాలయమున వారు 10 జతల కవలలను చేర్చిరి. వీరు ఒక్క అండమునుండి పుట్టిన కవలలు. ఒకరి జన్యువులే రెండవవారివి. వీరందఱచేతను 20 వారములు ఒక్కతీరున అభ్యాసము చేయించిరి. ఫలితము 1984లో ప్రకటింపబడినది. సగటున శక్తి నూటికి 12 వంతులు హెచ్చినది. కాని ఆ సగటు చాటున నున్న సంగతి వేఱు. ఒకనికి సున్న, మఱియొకనికి నూటికి 41 వంతులు! ఇంతకంటె విశేషమేమనగా, ఒక కవలకు హెచ్చిన చోట రెండవ కవలకును హెచ్చినది. ఒకరికి తగ్గినచోట రెండవవారికిని తగ్గినది. జతకును జతకును నడుమ కనబడిన అంతరము ఒక్కజతలోని యిద్దఱి నడుమ కనబడలేదు.

పది జతలు చాలవని వారికే తెలియును. అందుచేత 1992లో మఱియొక గొప్ప పని ఆరంభించిరి. దానికి పెట్టిన పేరు ‘హెరిటేజ్’, అనగా వారసత్వము. అమెరికా, కెనడా దేశములలోని అనేక విశ్వవిద్యాలయములు కలసి, వ్యాయామపు అలవాటు లేని కుటుంబములను వెదకి, తల్లిని, తండ్రిని, ఎదిగిన బిడ్డలను ఏకముగ పిలిపించిరి. పదునేడేండ్ల పడుచువానినుండి అఱువదియైదేండ్ల పెద్దవరకు అందఱును కదలక నిలిచియుండు సైకిళ్ల నెక్కిరి. వారమునకు మూడుమార్లు, 20 వారములు. మొదట అరగంట, క్రమముగ హెచ్చించి తుదకు 50 నిమిషములు. ఎవరి కొసశక్తినిబట్టి వారికి సైకిలు బరువును యంత్రమే సరిచేయుచుండెను గనుక, ఒకడు సోమరితనముగ త్రొక్కెననుటకు వీలులేదు. మన సభలలో జరుగు పందెములకును దీనికిని ఇదియే భేదము.

1999లో 98 శ్వేతజాతి కుటుంబములకు చెందిన 481 మంది ఫలితములు ప్రకటించిరి. సగటు లాభము నిమిషమునకు రమారమి 400 మిల్లీలీటర్లు. అయినను కొందఱకు లాభము దాదాపు శూన్యము. కొందఱకు ఒక లీటరుకు పైచిలుకు. కుటుంబముల మధ్య కనబడిన భేదము ఒక్క కుటుంబములోనివారి మధ్య కనబడిన భేదమునకు రెండున్నర రెట్లు. ఈ భేదములో వంశమునకు చెందవలసిన భాగము హెచ్చుపక్షమున నూటికి 47 అని వారు గణించిరి.

ఈ 47 అను సంఖ్య దగ్గఱ మనము కొంత నిలువవలెను. పత్రికలలో దీనిని చదివినవారు, నా తమ్మునివలెనే, తమ ఫలములో సగము పుట్టుకతోనే వ్రాయబడినదని తలంచుచున్నారు. అది పొరపాటు. ఒక మనుష్యుని లాభములో 47 పాళ్లు తండ్రిదియు, 53 పాళ్లు తనదియు నని దాని యర్థము గాదు. పలువురు మనుష్యుల నడుమ కనబడు హెచ్చుతగ్గులలో ఎంతభాగము వంశమువలన కలిగినదని చెప్పు లెక్క యది. ఒక్కనినిగూర్చి అది ఏమియు చెప్పదు. పైగా ‘హెచ్చుపక్షము’ అను మాట మఱువరాదు. ఒక యింటివారు ఒక్క కుండలోని కూడు తిందురు, ఒక్క వేళకు నిద్రింతురు; ఈ సామ్యమంతయు ఆ 47లోనే కలసియుండవచ్చును. ఒకే మనుష్యుని రెండుదినములు కొలిచినను అంకెలు కొంచెము తేడా వచ్చును. ఆ పొరపాటును వ్యక్తిభేదముగ కనబడును. అభ్యాసము చేయక ఊరకుండిన మఱియొక జట్టును పోల్చిచూచుటకు ఈ పరిశోధనలో పెట్టలేదు గనుక, ఆ పొరపాటెంతయో విడదీయుట కష్టమైనదని తరువాతివారు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. అయినను కవలల సాక్ష్యమును, కుటుంబముల సాక్ష్యమును చేర్చి చూచినపుడు, వంశమునకు ఇందు పాత్రయే లేదనుట కూడ సత్యము గాదు.

వంశమను మాట వచ్చినపుడు మనము తండ్రిని, తాతను, గోత్రమును తలంతుము. హెరిటేజ్ పండితుల లెక్కలలో ఒక విధమైన గణనము ననుసరించి నూటికి 28 పాళ్లు తల్లిద్వారమున సంక్రమించినట్లు కనబడినది. నేను మీదచెప్పిన మైటోకాండ్రియాలు, వానియందలి కొద్దిపాటి జన్యువులతో సహా, బిడ్డకు తల్లినుండియే వచ్చునుగాని తండ్రినుండి రావు. దీనికి అదియే కారణమని రూఢిగ చెప్పజాలము. అయినను మా తమ్ముడు నాయనగారి ఎముకను తలంచుకొని విచారించునపుడు, మా యమ్మ పెండ్లికి పూర్వము రోజుకు రెండుమార్లు మైలుదూరము నడచి చెఱువునుండి నీళ్లు మోసినదని వానికి జ్ఞాపకము రాలేదు. మన యిండ్లలో వంశవృక్షములు వ్రాసినపుడు స్త్రీల పేర్లు ఎందఱు వ్రాయుచున్నారో మీరే చూచుకొనుడు.

ఈ సందర్భమున, ఇట్టి సభలో చెప్పక విడువరాని సంగతి మఱియొకటి యున్నది. ‘మన కులమువారికి కష్టమోర్చు దేహములు’ అనియు, ‘ఆ కులమువారికి పరుగు ఎక్కడిది’ అనియు మనము తఱచుగ వినుచుందుము. మన పెద్దలలో కొందఱు ఇందుకు శాస్త్రమే సాక్ష్యమందురు. హెరిటేజ్ పరిశోధనలో శ్వేతజాతివారు మాత్రమేగాక నల్లజాతివారును ఉండిరి. 2001లో 633 మంది ఫలితములను వయస్సు, లింగము, జాతి, తొలిశక్తి అను నాలుగింటిచేతను విడదీసి చూచిరి. ఈ నాలుగును కలసినను లాభమున కనబడిన భేదమునకు స్వల్పకారణమే యైనవి. హెచ్చులాభము పొందినవారు, మధ్యములు, అల్పలాభము పొందినవారు, ముగ్గురును వృద్ధులలోను యువకులలోను, పురుషులలోను స్త్రీలలోను, రెండు జాతులలోను, తొలుత బలహీనులుగ నుండినవారిలోను కనబడిరి. వేఱు ఖండములనుండి వచ్చిన పూర్వులు గలవారినడుమనే ఇట్లుండగా, ఒక్క యేటినీరు త్రాగు మన గ్రామములోని కులములనడుమ ఇట్టి గీత గీయుటకు ఈ అంకెలలో ఎట్టి ఆధారమును లేదు. ఇందు వంశమనగా ఇంటిలోని తల్లిదండ్రులు, బిడ్డలు. అంతకుమించి విస్తరింపజేయుట మన యభిమానమేగాని శాస్త్రము గాదు. ఆ యింటిలోనైనను సోదరులకు సగటున సగము జన్యువులే సమానము. మేమిద్దరము ఒక్క గర్భమున పుట్టియు వేర్వేరు ఫలములు పొందితిమనుటలో వింత యేమియు లేదు.

ఇక ఆ జన్యువు లెవ్వి? ఇచ్చట కథ ఆశతో మొదలై కొంత నిరాశకు వచ్చినది. ఫిన్లాండు దేశమున ఈరో మాంటురాంటా అను మంచుజారుడు వీరుడుండెను. 1964లో ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. జీవితమున మొత్తము ఏడు ఒలింపిక్ పతకములు. ఆయన నెత్తురు అసాధారణముగ చిక్కగా నుండుటచేత మోసము చేసెనని జనులు అనుమానించిరి. 1993లో నిజము వెల్లడియైనది. ఎఱ్ఱకణములను పుట్టింపుమను ఆజ్ఞను అందుకొను జన్యువునందు ఆయన కుటుంబమున ఒక మార్పు వంశక్రమముగ వచ్చుచున్నది. ఆ మార్పు ఆ కుటుంబమున ఇంకను అనేకులకు ఉండెను. వారందఱును ఒలింపిక్ వీరులు కాలేదు సుమా!

ఇట్టి ఏకజన్యువు కథలు మిక్కిలి అరుదు. 1998లో లండను వైద్యుడు హ్యూ మోంట్‌గోమరీయు ఆయన మిత్రులును, రక్తపుపోటుతో సంబంధముగల ఏసీఈ యను జన్యువు రెండు రూపములలో నుండుననియు, ఒక రూపము గల సైనికయువకులు పదివారముల శిక్షణ పిమ్మట బరువెత్తి దింపుటలో రెండవరూపమువారికంటె పదునొకండు రెట్లు అభివృద్ధి చెందిరనియు ప్రకటించిరి. లోకము ఆశ్చర్యపడినది. రెండేండ్లు తిరుగకుండగనే, 192 మంది ప్రపంచఖ్యాతిగల క్రీడాకారులను పరీక్షించిన మఱియొక బృందమునకు ఆ జన్యువువలన ఎట్టి భేదమును కనబడలేదు. 2011లో బుషార్ బృందమువారే జన్యురాశినంతయు గాలించి 21 చిహ్నములను ఎంచిరి. వానిలో అనుకూలమైనవి తొమ్మిది, అంతకు తక్కువ గలవారు సగటున 221 మిల్లీలీటర్లు, పందొమ్మిది, అంతకుమించి గలవారు 604 మిల్లీలీటర్లు లాభము పొందిరి. చూచుటకు మిక్కిలి చక్కని పట్టిక. కాని ఏ జనులనుండి ఆ చిహ్నములను ఎంచిరో ఆ జనులనే వానితో కొలిచిరి. ఇతరజనులలో అవి అంత నిలుకడగ రుజువు కాలేదు. వందలకొలది జన్యువులు తలకొక చిటికెడు పనిచేయుచుండుననియే నేడు పండితుల యభిప్రాయము.

ఇంత వివరముగ చెప్పుటకు కారణమున్నది. నిరుడు మన పోషకులలో నొక దాత నాతో నిట్లనిరి: “మాష్టారూ, పిల్లవాని ఉమ్మి పంపినయెడల వాడు క్రీడలకు పనికివచ్చునో లేదో చెప్పు కంపెనీలున్నవట. మన సంఘపు క్రీడావేతనము ఇచ్చుటకు ముందు ఆ పరీక్ష చేయింతమా? ఖర్చు నేను భరింతును.” వారి ఔదార్యమునకు నమస్కారము. కాని ఆ పరీక్షను నమ్మి ఒక్క పిల్లవానినైనను వెనుకకు పంపుట అన్యాయము. 2015లో ఈ శాస్త్రమున ఆరితేరిన పండితులు పలువురు కలసి, ప్రతిభను ఎంచుటకుగాని, శిక్షణను నిర్ణయించుటకుగాని నేటి జన్యుపరీక్షలకు స్థానము లేదనియు, పిల్లలకు అట్టివి చేయింపరాదనియు ప్రకటించిరి. ఆ సొమ్ముతో నలుగురు పిల్లలకు మంచి చెప్పులు కొని, ఒక సంవత్సరము పరుగు నేర్పించి, మొదటను తుదను వారి కాలమును కొలిచినచో మనకు తెలియవలసినది తెలియును. మొదటి దినమున వెనుకబడినవానిని ఆ దినముననే తీసివేయకుడని మాత్రము కోరుచున్నాను. తొలిశక్తి వేఱు, అభ్యాసమువలన వచ్చు వృద్ధి వేఱు.

ఇప్పుడు నా తమ్ముని సంగతికి వచ్చెదను. ఫలము లేదన్నవారికి అభ్యాసపు మోతాదు పెంచినచో నేమగునని స్విట్జర్లాండున జూరిచ్ నగరమున పరీక్షించిరి. 2017లో వెలువడిన ఆ పరిశోధనలో 78 మంది ఆరోగ్యవంతులను అయిదు జట్లుగ చేసి, ఆఱువారములపాటు మొదటిజట్టుచేత వారమునకు ఒక గంట, రెండవదానిచేత రెండు గంటలు, ఈ క్రమమున అయిదవదానిచేత అయిదు గంటలు సైకిలు త్రొక్కించిరి. ఒక్క గంటవారిలో నూటికి 69 మందికి శ్రమశక్తి హెచ్చలేదు. రెండు గంటలవారిలో 40, మూడు గంటలవారిలో 29. నాలుగు, అయిదు గంటలవారిలో ఒక్కరును లేరు! తరువాత, ఫలము పొందనివారిచేతనే వారమునకు మఱి రెండుగంటలు హెచ్చుగ, ఇంకొక ఆఱువారములు త్రొక్కించిరి. అందఱకును ఫలము కనబడినది. కెనడాలోని కింగ్‌స్టన్ నగరమున 121 మంది స్థూలకాయులగు మధ్యవయస్కులను 24 వారములు నడిపించిన పరిశోధన 2015లో వెలువడినది. కొద్దిగ, మెల్లగ నడచినవారిలో నూటికి 38 మందికి పైగా ఫలహీనులు. అదే వేగమున ఎక్కువసేపు నడచినవారిలో సుమారు 18. ఎక్కువగను చుఱుకుగను నడచినవారిలో ఒక్కరును లేరు.

దీనివలన వంశగుణము అబద్ధమని అనరాదు. హెచ్చుమోతాదులోను ఒకరికి ఎక్కువయు నొకరికి తక్కువయు రానే వచ్చును. అయినను ‘నాకు తక్కువ వచ్చును’ అనుట వేఱు, ‘నాకు రాదు’ అనుట వేఱు. ఈ రెంటి నడుమ నా తమ్ముడు ఏడాదికాలము పోగొట్టుకొనెను.

నేనీ సంగతులు చెప్పినపుడు వాడు నమ్మలేదు. “అన్నయ్యా, స్విట్జర్లాండువాళ్ల కాళ్లు వేఱు” అనెను. వైద్యునియొద్దకు పోయితిమి. గుండెపరీక్ష చేసి, మందు మోతాదు సరిచూచి, మెల్లమెల్లగ పెంచుకొమ్మని ఆయన అనుమతించెను. మధుమేహము గలవారు, మందులు వాడువారు ఈ యనుమతి లేక పెంచరాదు. నా మాట విని రేపే పరుగెత్తకుడు. వైద్యుడు పాతకాగితములు తిరుగవేయుచు ఒకటి బయటికి తీసెను. మొదటి నాలుగుమాసముల పిమ్మట తీసిన రక్తపరీక్ష అది. దమ్ము పెరుగని ఆ నాలుగుమాసములలోనే నా తమ్ముని రక్తమందలి చక్కెర నాకంటె ఎక్కువగ తగ్గియుండెను. ట్రెడ్‌మిల్ అంకె చూచి నేను సంతోషించుటయు, వాడు దుఃఖించుటయు జరిగెనుగాని, ఆ కాగితమును మాలో నెవ్వరమును చదువలేదు. ఒక విషయమున ఫలము తక్కువైనవానికి మఱియొక విషయమున అధికముగ రావచ్చునని హెరిటేజ్ పరిశోధకులును చూపియున్నారు. నేను చదివియు దానిని నా యింటికి అన్వయించుకొనలేదు. ఇది నా తప్పు.

ఇప్పుడు వాడు వారమునకు అయిదుదినములు, దినమునకు ముప్పాతికగంట నడచుచున్నాడు. లాకు దగ్గఱ గట్టు ఎక్కుచోట వేగము హెచ్చించును. మూడుమాసముల క్రిందటి పరీక్షలో వాని శక్తి కొంచెము పెరిగినది. నా పెరుగుదలలో సగమైనను లేదు. ఈ యుదయము మేమిద్దరము నడచియే ఈ సభకు వచ్చితిమి. వాడు వెనుకవరుసలో కూర్చుండియున్నాడు. తన కథను చెప్పుటకు నాకు సెలవిచ్చినందులకు వానికి నా వందనములు.